రశీదు ఉందా అమ్మాయ్?

ప్రియమైన చెల్లెళ్ళకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడం అడిగినప్పుడు ముందు భయం వేసింది. నాకు కవితలు రావు, కథలు రావు. "నీ ప్రాజెక్టు గురించే రాయమ్మా. ఇంటర్ పిల్లలకు కూడా అర్థం కావాలి" అన్నారు మేడం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎం.సి.ఏ. చివరి సెమిస్టరులో నేను చేసిన ప్రాజెక్టు, క్లౌడ్ స్టోరేజికి ఒక కనెక్టర్ తయారు చేయడం. పేరు వింటే ఏదో పెద్ద విషయంలా ఉంటుంది. కానీ అందులోని అసలు పాఠం నాకు తొమ్మిదో తరగతిలోనే, ఒక ఆఫీసు వరండాలో ఎదురైంది. ముందు అది చెబుతాను.

మా అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. అమ్మకు చదువు రాదు. నాన్న సంతకం మాత్రం చేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకని చిన్నప్పటి నుంచీ ఇంటికి ఏ కాగితం వచ్చినా నా చేతికే వచ్చేది. బ్యాంకులో డబ్బులు తీసే ఫారం, కరెంటు బిల్లు, తమ్ముడి స్కూలు నోటీసు అన్నీ నేనే చదివి చెప్పాలి, నేనే నింపాలి.

2016లో నానమ్మ వృద్ధాప్య పింఛను కోసం దరఖాస్తు నింపాను. నాన్నకు ఆ రోజు కూలి పోగొట్టుకోవడం కుదరక నన్నే పంపాడు. ఆఫీసులో ఒకాయన తల ఎత్తకుండానే "ఆ బల్ల మీద పెట్టి పో" అన్నాడు. పెట్టి వచ్చేశాను. సాయంత్రం నాన్న "ఏమైందమ్మా?" అని అడిగితే, "అయిపోయింది నాన్నా" అని చెప్పాను.

నెలలు గడిచినా పింఛను రాలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే పేరే లేదన్నారు. "ఇచ్చాను సార్" అన్నాను. "రశీదు ఉందా అమ్మాయ్?" అన్నారు. లేదు. మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాం. పింఛను 11 నెలలు ఆలస్యంగా మొదలైంది. అప్పట్లో నెలకు 1000 రూపాయలు. 11 వేల రూపాయలంటే మా ఇంట్లో ఎంతో, మీలో చాలామందికి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో!

ఇక ప్రాజెక్టు విషయానికి వస్తాను.

మన హాస్టల్ ఆఫీసు గదిలో ఒక చెక్క బీరువా ఉండేది గుర్తుందా? అందులో మన అందరి టీసీలు, మార్కుల మెమోలు, కుల ధృవీకరణ పత్రాల జిరాక్సులు ఉండేవి. ఒక వానాకాలం తర్వాత తీసి చూస్తే కింది అరకు చెదలు పట్టింది. మిగిలినవన్నీ స్కాన్ చేయించి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టారు మేడం. కానీ ఆ కంప్యూటర్ కూడా ముసలిదే. అది పోతే ఏమిటి గతి? ఆ ప్రశ్ననే నా ప్రాజెక్టుగా తీసుకుంటానని మా గైడ్ సార్‌తో చెప్పాను. మేడం పై అధికారుల అనుమతి తీసుకున్నారు. మీలో ప్రతి ఒక్కరి దగ్గరా సంతకం తీసుకున్నాం.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేల కంప్యూటర్లు రాత్రింబగళ్ళు పనిచేస్తూ ఉంటాయి. వాటిలో కొంత చోటు మనం అద్దెకు తీసుకుంటాం. ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చిన వాటిలో అమెజాన్ వారి ఎస్‌3 ఒకటి. అది 2006 మార్చి 14న మొదలైంది. మన దేశంలో వారి కేంద్రం 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో వచ్చింది. మా కాలేజీ ఖాతాలో హైదరాబాద్ కేంద్రాన్నే ఎంచుకున్నాం.

మరి కనెక్టర్ అంటే ఏమిటి? మన ఆఫీసు కంప్యూటర్‌కు ఎస్‌3 భాష తెలియదు, ఎస్‌3కి మన కంప్యూటర్‌లో ఏముందో తెలియదు. ఇద్దరి మధ్యా నిలబడి, వీళ్ళ మాట వాళ్ళకూ వాళ్ళ జవాబు వీళ్ళకూ చేరవేసే ప్రోగ్రామే కనెక్టర్. ముఖ్యమైన పనులు నాలుగే: ఫైలు పెట్టు, ఫైలు తీసుకురా, ఏమేం ఉన్నాయో జాబితా చెప్పు, ఫైలు తీసివేయి. ఇంత చిన్న పనికి ఒక సెమిస్టర్ ఎందుకు అనుకున్నాను. ఎందుకో త్వరలోనే తెలిసింది.

ఈ పనులన్నీ చేసిపెట్టే తయారు లైబ్రరీలు ఉచితంగానే దొరుకుతాయి. "ఉద్యోగంలో అవే వాడుకో. ఇక్కడ మాత్రం నీ చేత్తో రాయి, లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది" అన్నారు గైడ్ సార్. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు రుణపడి ఉన్నాను.

మొదటి దెబ్బ జాబితా దగ్గర తగిలింది. కాలేజీ ల్యాబ్‌లో 1500 ఉత్తుత్తి ఫైళ్ళు తయారుచేసి పంపాను. జాబితా అడిగితే 1000 మాత్రమే వచ్చాయి! 500 ఏమయ్యాయో తెలియక రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. తీరా చూస్తే ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ఎస్‌3 ఒకసారికి 1000 పేర్లకు మించి చెప్పదు. జవాబు చివర "ఇంకా ఉన్నాయి" అని ఒక గుర్తు, మిగతావి అడగడానికి ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ చూపించి మళ్ళీ అడగాలి. నేను జవాబు చివరిదాకా చదవలేదు, అంతే.

రెండో దెబ్బ మన తెలుగే కొట్టింది. మేడం ఫైళ్ళకు "కుల ధృవీకరణ పత్రం" అని తెలుగులోనే పేర్లు పెట్టారు. ఇంగ్లీషు అక్షరం కంప్యూటర్‌లో ఒక బైట్ తీసుకుంటే, యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. "అమ్మ" అనే మాటనే చూడండి. అ, మ, పొల్లు, మళ్ళీ మ. మొత్తం 4 గుర్తులు, 12 బైట్లు. దాన్ని ఇంటర్నెట్ చిరునామాలో పెట్టాలంటే ఒక్కో బైట్‌ను శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా రాయాలి. అంటే "అమ్మ" 36 అక్షరాలవుతుంది! ఎస్‌3లో ఫైలు పేరు 1024 బైట్లు దాటకూడదు. అంటే తెలుగులో 341 గుర్తులు. మనకు అది చాలు. చిక్కు అక్కడ కాదు, సంతకం దగ్గర వచ్చింది.

ఎస్‌3కి పంపే ప్రతి విన్నపం మీద ఒక సంతకం ఉండాలి. మన రహస్య తాళంతో లెక్కకట్టి వేసే సంతకం అది. పేరు, తేదీ, చిరునామా అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వాళ్ళు కూడా అదే లెక్క వేసి చూస్తారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా 403 అని తిప్పి పంపేస్తారు. పేరులోని ఖాళీని నేను కూడిక గుర్తుగా రాశాను. వాళ్ళ లెక్కలో అది శాతం గుర్తు, 20. బ్యాంకులో సంతకం కలవలేదని మా నాన్నను ఎన్నిసార్లు తిప్పి పంపారో గుర్తొచ్చి, ఆ కష్టంలోనూ నవ్వు వచ్చింది.

అది సరిచేశాక ల్యాబ్‌లో అన్నీ బాగానే నడిచాయి. హాస్టల్ కంప్యూటర్‌లో పెడితే మళ్ళీ 403! ఒక్క ఫైలూ వెళ్ళలేదు. రెండు రోజులు ప్రోగ్రామంతా తిరగేశాను. చివరికి మన ఇంటర్ సెకండియర్ చెల్లెలు స్క్రీన్ మూలన చూసి "అక్కా, ఇందులో తేదీ తప్పుంది చూడు" అంది. కంప్యూటర్ లోపల గడియారాన్ని నడిపే చిన్న సెల్ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతోంది. మన గడియారానికీ వాళ్ళ గడియారానికీ 15 నిమిషాలకు మించి తేడా ఉంటే ఎస్‌3 ఒప్పుకోదు. పాత విన్నపాన్ని ఎవరైనా దొంగిలించి మళ్ళీ వాడకుండా ఉండేందుకే ఆ నియమం. ఒక చిన్న సెల్ కొని వేస్తే పని జరిగింది. అప్పటి నుంచి నా కనెక్టర్ మొదలవగానే ముందు గడియారం చూసుకుంటుంది.

ఇంటర్నెట్ తెగిపోతే ఏం చేయాలి? మళ్ళీ ప్రయత్నించాలి. కానీ వెంటవెంటనే తలుపు కొట్టకూడదు. 1 సెకను ఆగి ఒకసారి, తర్వాత 2, తర్వాత 4, తర్వాత 8 సెకన్లు, ఇలా పెంచుకుంటూ పోవాలి. ఆ వ్యవధిలోనూ కొంచెం తేడా పెట్టాలి, అందరూ ఒకే క్షణంలో మీద పడకుండా. మెస్సులో గంట కొట్టగానే అందరం ఒకేసారి ప్లేట్లు చాపితే వడ్డించే ఆయమ్మ గరిటె కిందపెట్టి నిలబడిపోతుంది కదా! అదే సంగతి.

ఇక అసలు విషయం. మన 1342 స్కాన్లూ పంపడానికి మూడు రోజులు పట్టింది. మధ్యలో ఐదారుసార్లు కరెంటు పోయింది. ప్రతిసారీ కనెక్టర్ తన చిట్టా చూసుకుని, ఆగిన చోటు నుంచి మొదలుపెట్టింది. మూడో రోజు సాయంత్రం చిట్టాలో 1342 పేర్ల ఎదురుగానూ "పంపాను" అని ఉంది. కంప్యూటర్‌లో చోటు చాలడం లేదని మేడం అప్పటికే అంటున్నారు. "అన్నీ వెళ్ళాయా అమ్మా? ఇక్కడివి తీసేయొచ్చా?" అని అడిగారు.

"అయిపోయింది మేడం" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకే గుండె జల్లుమంది. ఎప్పుడో విన్న మాట చెవిలో మోగింది. రశీదు ఉందా అమ్మాయ్? ఒక్క పది నిమిషాలు ఆగమని మేడంను అడిగాను. ఎస్‌3 నుంచి పూర్తి జాబితా, టోకెన్లు చూపించి చివరిదాకా తెప్పించాను. 1325 ఉన్నాయి. 17 లేవు.

తప్పు నాదే. ఒకేసారి నాలుగు ఫైళ్ళు పంపేలా రాశాను. పంపడం మొదలుపెట్టేటప్పుడే చిట్టాలో "పంపాను" అని రాసేశాను. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే ఫైలు చేరదు, చిట్టాలో మాత్రం చేరినట్టే ఉంటుంది. మళ్ళీ మొదలైనప్పుడు కనెక్టర్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. బల్ల మీద కాగితం పెట్టి ఇంటికొచ్చి "అయిపోయింది" అన్న తొమ్మిదో తరగతి పిల్లే ఆ ప్రోగ్రామ్‌లోనూ ఉంది!

ఆ 17లో ఒకటి నా పక్క మంచం చెల్లెలి పదో తరగతి మెమో. గుడిసెలోకి వాన నీళ్ళొచ్చి అసలుది పాడైపోయింది. జిరాక్సు చెదలు తినేసింది. మిగిలింది ఆ కంప్యూటర్‌లోని స్కాన్ ఒక్కటే. డూప్లికేట్ మెమో తెప్పించుకోవచ్చు. కానీ దానికి ఎన్ని రోజులు తిరగాలో, ఎన్ని కూలి రోజులు పోతాయో మనకు తెలుసు. ఆ రోజు మేడం ఆ ఒక్క బటన్ నొక్కి ఉంటే? ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి.

ఆ రాత్రే మార్చి రాశాను. ఇప్పుడు చిట్టాలో రెండు గడులు ఉంటాయి. ఒకటి "పంపబోతున్నాను", రెండోది "రశీదు వచ్చింది". ఫైలు మొత్తం తమ దగ్గర చేరిందని ఎస్‌3 200 అనే జవాబు ఇచ్చాకే రెండో గడి నిండుతుంది. ఫైలుతోపాటు దాని ఎండీ5 అనే లెక్క కూడా పంపుతాను. అక్కడ వాళ్ళు మళ్ళీ లెక్కకట్టి, తేడా వస్తే తీసుకోరు. రశీదు లేనిది ఏదైనా సరే మళ్ళీ పంపాల్సిందే. ఒకవేళ ఫైలు చేరి రశీదు మాత్రమే దారిలో పోయి ఉంటే? నష్టం లేదు. అదే పేరుతో అదే ఫైలును మళ్ళీ పెట్టినా మన చేతికి వచ్చేది అదే ఫైలు. ఇంకొక జాగ్రత్త కూడా పెట్టాను. కనెక్టర్ చేతిలోని తాళానికి పెట్టడానికీ తీసుకురావడానికీ జాబితా చూడటానికీ అనుమతి ఉంది, తీసివేయడానికి లేదు. నాలుగో పని నేను కావాలనే ఇవ్వలేదు. ఆ తాళాన్ని ప్రోగ్రామ్‌లో రాయలేదు, బయటివాళ్ళు చూసేలా ఏ ఫైలూ పెట్టలేదు. అవి మన బతుకుల కాగితాలు కదా.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ "లైబ్రరీ వాడితే పది లైన్లలో అయ్యేది కదమ్మా?" అన్నారు. "అవును సార్. కానీ జవాబు రాకముందే చిట్టా రాస్తే, ఏ లైబ్రరీ వాడినా ఆ 17 ఫైళ్ళు పోయేవి సార్" అన్నాను. ఆయన నవ్వి, ఇంకేమీ అడగలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న "ఏం చేశావమ్మా అన్ని రోజులు?" అని అడిగాడు. ఎలా చెప్పాలో తెలియలేదు. "ఒక చోటి కాగితాలు ఇంకో చోటికి తీసుకుపోయి ఇచ్చి, రశీదు పట్టుకొచ్చేది తయారు చేశాను నాన్నా" అన్నాను. నాన్న కాసేపు ఆలోచించి, "చిన్నప్పటి నుంచి నువ్వు మాకు చేస్తున్నదే కదమ్మా" అన్నాడు. నానమ్మ ఇప్పుడు లేదు. ఉంటే తనతో కూడా చెప్పేదాన్ని.

చెల్లెళ్ళారా! మనలో చాలామంది మన ఇళ్ళకు కనెక్టర్లమే. చదువు రాని అమ్మానాన్నలకూ, చదువుకున్నవాళ్ళ ఆఫీసులకూ మధ్య నిలబడేది మనమే. సిగ్గుపడకండి, భయపడకండి. జవాబు చివరిదాకా చదవండి. ఒకసారి కాకపోతే కొంచెం ఆగి మళ్ళీ అడగండి. మీ ఆఫీసులో, మీ ప్రోగ్రామ్‌లో, ఎక్కడైనా సరే, రశీదు చేతికి వచ్చేదాకా "అయిపోయింది" అని మాత్రం అనకండి.

ఇట్లు,
మీ అక్క,
ఎం.సి.ఏ. విద్యార్థిని, 14వ గది