షికాగో ఎంత దూరం?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళకు అమెరికా పక్కవీధి. మెట్రో దిగి కిందికొస్తే ఏ గోడ చూసినా వీసా, కోచింగ్, లోన్ అనే మాటలే. మా గదిలో ఉండే నలుగురిలో ముగ్గురికి అన్నో అక్కో అక్కడే ఉన్నారు. నాకూ అన్న ఉన్నాడు. షికాగోలో ఎమ్మెస్ చదువుతున్నాడు.

అన్న వెళ్ళిన కొత్తలో మా నాయిన అడిగాడు: "గా ఊరు ఎంత దూరం రా?"

మాది నల్లగొండ జిల్లాలో వ్యవసాయం. నాయినకు దూరమంటే ఎల్.బి.నగర్ నుంచి నల్లగొండ దాకా వంద కిలోమీటర్లు, అంతకు మించితే తిరుపతి. సైన్సు విద్యార్థిని కదా, కాగితం, పెన్సిలు తీసుకుని కూచున్నాను.

గోడమీది పటంలో స్కేలు పెడితే గీత అరేబియా మీదుగా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. కాని గ్లోబు మీద దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది! శంషాబాదు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, షికాగో విమానాశ్రయం 88 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నాయి. మధ్య 166 డిగ్రీలు. ఇంకో 14 ఉంటే సరిగ్గా భూమికి అవతలి పక్క. త్రికోణమితి సూత్రంలో వేస్తే సుమారు 13,280 కిలోమీటర్లు వచ్చింది. నేరుగా ధ్రువం మీదుగానే పోయినా పెరిగేది నూటయాభై కిలోమీటర్లే.

హైదరాబాదు నుంచి షికాగోకు ఎక్కడా ఆగని విమానాన్ని ఎయిర్ ఇండియా 2021 జనవరిలో ప్రారంభించింది. గంటకు 830 కిలోమీటర్ల చొప్పున లెక్కవేస్తే పదహారు గంటలు. 2024 ఆగస్టులో అన్న వెళ్ళేనాటికి అది లేదు. దుబాయ్‌లో మారాడు. దుబాయ్‌కి 2,550, అక్కడినుంచి 11,640, మొత్తం 14,190. పెరిగిన తొమ్మిది వందల కిలోమీటర్లు విమానానికి గంట పైచిలుకు పనే. అయినా ఎల్.బి.నగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సెక్కింది మొదలు అక్కడి గది చేరేదాకా ముప్పై గంటలు పట్టింది.

ఇదంతా చెబితే నాయిన తలూపాడు. అమ్మ మాత్రం, "అదంత సరే గని బిడ్డా, ఏదన్న అయితే వాడు ఎన్నొద్దులకు ఇంటికొస్తడు?" అంది.

నా సూత్రంలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

2025 మేలో తాత పోయాడు. తెల్లవారి ఆరింటికి అన్నకు ఫోను చేశాం. అక్కడ ముందురోజు సాయంత్రం ఏడున్నర. అన్నకు సెమిస్టరు పరీక్షలు. టికెట్టు చూస్తే ఎకరం పత్తిలో మాకు మిగిలేదానికన్న ఎక్కువ. వచ్చి వెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదోనని భయం. అన్న రాలేదు. ఫోనులోనే చూశాడు. నేను ఎల్.బి.నగర్‌లో బస్సెక్కి మూడు గంటల్లో ఇల్లు చేరాను. వాడి తరఫున కూడా పిడికెడు మన్ను నేనే వేశాను.

కాలం అంటే దూరాన్ని వేగంతో భాగించగా వచ్చేదని ఫిజిక్సులో చదువుకున్నాం. అది విమానానికి సరిపోతుంది. మనిషి ఇల్లు చేరాలంటే అందులో డబ్బు కలపాలి, సెలవు కలపాలి, వీసా కలపాలి. అప్పుడు పదహారు గంటలు రెండేళ్ళవుతాయి, మూడేళ్ళవుతాయి.

"మరి నువ్వెప్పుడు?" అని నన్నూ అడుగుతున్నారు. వెళ్ళడం తప్పని నేననను. నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకునే రోజున మాత్రం కిలోమీటర్ల లెక్క పక్కనబెట్టి, అమ్మ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మిత్రులారా, మీ ఇంట్లోనూ ఆ ప్రశ్న ఉండే ఉంటుంది. అడగలేక ఊరుకుని ఉంటారు. విమానమెక్కే ముందు మీరే అడిగించుకోండి.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి