అర్ధరాత్రి బండి

పిల్లలూ! రాత్రి పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు ఒక రైలుబండి ఉన్నదనుకోండి. మీరు శుక్రవారం రాత్రి అన్నాలు తిని, మూటలు కట్టుకుని, ఆ బండి ఎక్కటానికి స్టేషనుకు చేరారు. మీ టిక్కెట్టు మీద ఏ తేదీ ఉండాలి? శుక్రవారం తేదీయా, శనివారం తేదీయా?

జవాబు చెప్పటానికి తొందరపడకండి. పదకొండేళ్ల వయసులో నేను తొందరపడ్డాను. ఆ తొందరకు మా అవ్వ ఒక ఏడాది కష్టం చెల్లించవలసి వచ్చింది.

మాది ఆమడగూరు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. 2022లో ఆ జిల్లా ఏర్పడకముందు అనంతపురం జిల్లాలో ఉండేది. మా వైపు వానలు తక్కువ. వేరుశనగ విత్తి, ఆకాశం వంక చూస్తూ కూర్చోవటమే మా సేద్యం. రైలు చూడాలన్నా బస్సెక్కి కదిరికి పోవలసిందే. ఇక సముద్రం మాట చెప్పేదేమున్నది? మా వీధిలో సముద్రం చూసినవాళ్లను లెక్కపెట్టటానికి ఒక చేతివేళ్లు చాలు.

ఒకనాడు పెద్ద వాన కురిసి, మా చేని పక్క వంక నిండుగా పారింది. రెండు గంటల్లో నీళ్లన్నీ వెళ్లిపోయినై. అవ్వ గట్టు మీద నిలబడి, "ఈ నీళ్లు ఎక్కడికి పోతాయప్పా?" అని అడిగింది.

నాకు భూగోళం పాఠం బాగా వచ్చు. "మన వంకలన్నీ పోయి పోయి పెన్నలో కలుస్తాయవ్వా. పెన్న నెల్లూరు జిల్లా దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది," అన్నాను.

అవ్వ కాసేపు ఆలోచించింది. "అయితే నా వయసులో మన చేను తడపకుండా పోయిన నీళ్లన్నీ అక్కడ చేరినాయన్నమాట. చచ్చేలోగా వాటిని ఒకసారి చూసి రావాల," అన్నది.

ఆ మాట నా మనసులో నాటుకున్నది. నాయనతో చెప్పాను. "డబ్బు?" అన్నాడు నాయన. అవ్వ లోపలికి వెళ్లి, బియ్యపు కుండలోంచి ఒక గుడ్డ మూట తెచ్చి విప్పింది. చింతపండు కాలంలో ఇంటింటికీ పోయి, కాయలు కొట్టి, గింజలు తీసి కూడబెట్టిన కూలి డబ్బు రెండు వందల రూపాయలున్నది. అది 1982వ సంవత్సరం. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

"ఏ రోజు పోవాల, ఎట్ల పోవాల, అదంతా నువ్వే రాయప్పా. ఇంట్లో చదువుకున్నవాడివి నువ్వేగా!" అన్నది అవ్వ. నా ఛాతీ అడుగు వెడల్పు పెరిగింది.

మొదట నేను విశాఖపట్నం పోదామనుకున్నాను. అక్కడ డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకుని వచ్చి, రేవుకు గోడలా అడ్డు నిలుస్తుందని పాఠంలో చదివాను. 1933లో ఆ రేవును ప్రారంభించారు. కాని ధర్మవరం నుంచి విశాఖకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. మాకున్నది రెండో శనివారం, ఆదివారం, రెండే రోజులు. రెండు రోజులంటే 48 గంటలు. రానుపోను ప్రయాణమే ఆ 48 గంటలనూ మింగేస్తుంది. సముద్రానికి మిగిలేది సున్నా! నేను చేసిన లెక్కల్లో సరైన లెక్క అదొక్కటే.

కాబట్టి మద్రాసు ఖాయం చేశాను. ఆ నగరాన్ని ఇప్పుడు చెన్నై అంటున్నాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మా జిల్లాకు కూడా అదే రాజధాని. అప్పుడు కదిరి మీదుగా మీటరుగేజి బండ్లు నడిచేవి. పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. ఆ బండిలో తిరుపతి దాకా పోయి, అక్కడ బ్రాడ్‌గేజి బండి ఎక్కాలి. దాని పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఒకదాని బండి రెండోదాని పట్టాల మీద నడవదు. అందుకే బండి మారక తప్పదు.

కదిరిలో బండి రాత్రి 0–20కి. తెల్లవారి తిరుపతి. మధ్యాహ్నానికి మద్రాసు. శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం సముద్రం. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. సోమవారం పొద్దున్నే కదిరిలో బస్సెక్కితే బడిగంటకు కాస్త ఆలస్యంగానైనా చేరుకోవచ్చు. ఇదంతా లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో గీతలు గీసి రాశాను. పన్నెండేళ్లు నిండనివాళ్లకు అర టిక్కెట్టే గనక, నా పేరు పక్కన "అర" అని కూడా రాశాను.

నాయన కదిరి సంతకు పోతూ ఆ కాగితం పట్టుకుపోయాడు. అందులో నేను "ప్రయాణ తేదీ: మార్చి 12, శుక్రవారం" అని రాశాను. శుక్రవారం రాత్రి బయలుదేరుతున్నాం, కాబట్టి శుక్రవారం తేదీ. ఇందులో ఆలోచించవలసింది ఏమున్నదనుకున్నాను. నాయన ఆ తేదీకే టిక్కెట్లు కొన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆఖరు బస్సులో కదిరి చేరాం. అవ్వ కొత్త చీర కట్టుకున్నది. సంచిలో రాగిరొట్టెలు, శనక్కాయల ఊరుబిండి, సముద్రం నీళ్లు పట్టుకోవటానికి ఒక ఖాళీ సీసా. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకే పడుకుని పోవచ్చునని ముందుగా రిజర్వు చేయించాం. అర్ధరాత్రి దాటింది. బండి కూత వినిపించింది. పెట్టె దగ్గరకు పోయి టిక్కెట్లు చూపించాం.

టిక్కెట్లు చూసే ఆయన దీపం దగ్గర పట్టుకుని చూసి, "ఇవి 12వ తేదీవి. ఈ బండి 13వ తేదీది. మీ బండి నిన్న రాత్రే వెళ్లిపోయిందయ్యా," అన్నాడు.

"ఈరోజు 12వ తేదీయే కదా!" అన్నాను.

ఆయన కోప్పడలేదు. స్టేషను గడియారం వైపు చూపించాడు. "పన్నెండు కొట్టగానే తేదీ మారిపోయింది, బాబూ. మనం నిద్రపోయి లేచాకే మరునాడు అనుకుంటాం. రైలుకు నిద్ర లేదు. దానికి రోజు అర్ధరాత్రి సున్నా గంటకు మొదలవుతుంది. 0–20 అంటే 13వ తేదీ పుట్టిన ఇరవై నిమిషాలకు అన్నమాట," అన్నాడు.

మామూలు పెట్టెలో కాలు పెట్టే సందు లేదు. అవ్వ అంతదూరం నిలబడలేదు. మళ్లీ టిక్కెట్లు కొనాలంటే, తిరిగి రావటానికి డబ్బు మిగలదు. బండి కదిలిపోయింది. దాని వెనక ఎర్రదీపం చిన్నదై, చిన్నదై, మాయమైంది.

నాకు ఏడుపు వచ్చింది. నాయన ఒక్క మాటా అనలేదు. ప్లాటుఫారం మీద దుప్పటి పరిచాడు. కాసేపటికి అవ్వ సంచి విప్పి, "రొట్టెలు తిందాం రా. పొద్దునకు గట్టిపడతాయి," అన్నది. నేను తిననన్నాను. ఆమె నా నోటికి అందిస్తూ, "సముద్రం ఎండిపోదులేప్పా," అన్నది.

మరునాడు తొలి బస్సుకే ఇంటికి వచ్చేశాం. వీధిలో అందరూ, "అప్పుడే వచ్చేశారే!" అని అడిగారు. "బండి తప్పింది," అని మాత్రమే అవ్వ చెప్పింది. ఎవరి వల్ల తప్పిందో చెప్పలేదు. ఆ చెప్పకపోవటమే నన్ను ఎక్కువ బాధించింది. చెబితే, తిట్లు తిని ఊరుకునేవాణ్ణి.

మళ్లీ చింతకాయలు పండినై. అవ్వ మళ్లీ కూలికి పోయింది. సాయంత్రాలు బడి నుంచి వచ్చాక నేనూ ఆమె పక్కన కూర్చుని గింజలు తీశాను. చింతపులుసుకు వేళ్ల సందులు ఎట్లా మండుతాయో అప్పుడు తెలిసింది. రెండు వందల రూపాయలంటే ఎన్ని కాయలో కూడా తెలిసింది. పైగా, నాకప్పటికి పన్నెండేళ్లు నిండినై. ఈసారి అర టిక్కెట్టు చెల్లదు, నిండు టిక్కెట్టు కావాలి! నా తప్పుకు వడ్డీ కూడా పెరిగింది.

1983 ఫిబ్రవరిలో అవ్వ డబ్బుమూట నా ముందు పెట్టి, "రాయి," అన్నది.

"నేను రాయనవ్వా. మా అయ్యవారిని రాయమందాం," అన్నాను.

"ఒకసారి తప్పు రాసినవాడికే ఆ తప్పు ఎక్కడుంటుందో తెలుస్తుంది. నువ్వే రాయి," అన్నది అవ్వ.

రాశాను. కాని ఈసారి ఊరికే రాయలేదు. "మార్చి 11 శుక్రవారం రాత్రి భోజనం చేసి ఇంకా మేలుకుని ఉంటాం. పన్నెండు కొడుతుంది. తేదీ మార్చి 12 శనివారం అవుతుంది. ఇరవై నిమిషాలకు బండి వస్తుంది. టిక్కెట్టు తేదీ 12," అని కథలాగా రాశాను. నాయనకు చదివి వినిపించాను. అయ్యవారికి చూపించాను. చదువురాని అవ్వకు గడియారం బొమ్మ గీసి చెప్పాను. ఆమె తలూపేదాకా కాగితం నాయన చేతికి ఇవ్వలేదు.

బండిలో మా పేర్లు ఉన్నై. మా బల్లలు మాకున్నై. అవ్వ పడుకున్నది కాని నిద్రపోలేదు. తెల్లవార్లూ కిటికీలోంచి చీకటిని చూస్తూనే ఉన్నది.

శనివారం సాయంత్రం మెరీనా ఇసుకలో దిగాం. అవ్వ ఆ ఇసుకలో చాలాసేపు నడవవలసి వచ్చింది. పిల్లలూ, ఆ ఇసుకకొక కథ ఉన్నది. మద్రాసుకు విశాఖలాగా కొండ అడ్డు లేదు. పూర్వం ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే ఆగేవి. మనుషులనూ సరుకులనూ మసూలా పడవల్లో తీరానికి చేర్చేవారు. ఆ పడవల పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అందువల్ల అల కొట్టినప్పుడు పడవ పగలక, కాస్త సాగి నిలిచేది. తరవాత 1875లో రాళ్లతో సముద్రంలోకి గోడలు కట్టి రేవు చేయటం మొదలుపెట్టారు. 1881లో తుఫాను వచ్చి ఆ గోడలను చాలావరకు పడగొట్టింది. మళ్లీ కట్టారు.

ఆ తీరంలో అలలు ఏటిపొడుగునా ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తుంటై. రేవు గోడ అడ్డు రాగానే ఆ ఇసుక దక్షిణం వైపు ఆగిపోయి, ఏటేటా పేరుకున్నది. ఇంత వెడల్పు మెరీనా అట్లా ఏర్పడింది. మరి ఉత్తరాన? అక్కడికి రావలసిన ఇసుక రాక, రాయపురం వైపు సముద్రం ఒడ్డును కోసుకుపోయింది. ఒకచోట అడ్డుకట్ట వేస్తే మరొకచోట దాని ఫలితం కనిపిస్తుందన్నమాట.

ఉత్తరంగా చూస్తే రేవులోని క్రేన్లు కొంగల్లా నిలబడి కనిపించినై. దూరంగా నాలుగైదు ఓడలు కదలకుండా ఉన్నై. "అవేం పాపం, ఆగిపోయినై?" అన్నది అవ్వ. "రేవులో చోటు దొరికేదాకా వాటి వంతు కోసం కాచుకుంటై," అన్నాడు నాయన. "మనలాగే!" అని అవ్వ నవ్వింది.

ఆమె చీర కాస్త ఎత్తిపట్టి, అలలో నిలబడింది. దోసిట్లోకి నీళ్లు తీసుకుని నాలుకకు తాకించి, ముఖం చిట్లించింది. "అబ్బ, ఉప్పు కషాయం! మన నీళ్లన్నీ ఇక్కడికొచ్చి ఎవరికీ పనికిరాకుండా పోయినాయే!"

"లేదవ్వా," అన్నాను. "ఎండకు నీళ్లు ఆవిరవుతాయి. ఉప్పు పైకి పోదు, ఇక్కడే ఉండిపోతుంది. ఆ ఆవిరే మేఘమై, మళ్లీ వానగా పడుతుంది."

అవ్వ సముద్రాన్ని చాలాసేపు చూసింది. "అయితే తిరిగొస్తాయన్నమాట. ఏ తేదీకి వస్తాయో మాత్రం ఎవరూ టిక్కెట్టు మీద రాసివ్వరు," అన్నది. తరవాత సీసా నింపి, మూత గట్టిగా బిగించింది. ఆ సీసా మా ఇంటి గూట్లో చాలా ఏళ్లు ఉన్నది.

ఇప్పుడు కదిరి మీదుగా మీటరుగేజి లేదు, బ్రాడ్‌గేజి బండ్లే నడుస్తున్నై. టిక్కెట్టు ఇంట్లో కూర్చుని ఫోనులోనే కొనవచ్చు. కాని అర్ధరాత్రి మాత్రం అప్పటిలాగే ఉన్నది. పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది. ఇప్పటికీ ఎంతోమంది పెద్దలు సైతం నాలాగే పొరపడి, ఖాళీ చేతులతో ఇంటికి తిరిగి వస్తుంటారు.

కాబట్టి పిల్లలూ, మీ ఇంట్లో ప్రయాణం తలపెట్టినప్పుడు ఆ ప్రణాళిక మీరే రాయండి. రాసినదాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ముఖ్యంగా, ఎవరి డబ్బుతో, ఎవరి కష్టంతో పోతున్నారో వాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పండి. ఆ తరవాతే టిక్కెట్టు కొనండి.