కమలాపురం కంప కాయలు

కడప నుంచి ఎర్రగుంట్ల వైపు పోయే బస్సెక్కితే గంటలోపే కమలాపురం వచ్చేస్తుంది. కిటికీ పక్కన సీటు దొరికినా చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. వరసగా నిలబెట్టిన నాపరాళ్ల కంచెలు, ఎండిపోయిన వంకలు, వాటి నిండా కంప చెట్లు. మే నెలలో గడ్డిపోచ మిగలని చోట కూడా పచ్చగా నవనవలాడుతుంటాయి. కొత్తవాళ్లయితే ముచ్చటపడతారు. మావాళ్లు మాత్రం దాన్ని చూస్తే తిట్టకుండా ఉండరు.

తిట్టడానికి పేర్లు కూడా చాలానే పెట్టుకున్నాం. కొందరికి సర్కారు తుమ్మ. నెల్లూరు, ప్రకాశం వైపు చిల్లచెట్టు. ఇక్కడ ఉత్త కంపే. నేను ఈసారి పనిగట్టుకుని కమలాపురంలో దిగింది దీనికోసమే. ఎందుకంటే మన దేశంలో ఈ చెట్టు మొట్టమొదట వేళ్లూనుకున్న చోట్లలో ఈ ఊరొకటి. కల్నల్ బెడ్డోమ్ అని మద్రాసు అటవీశాఖలో పెద్ద అధికారి ఉండేవారు. చెట్ల మీద పుస్తకాలు, పాముల మీద వ్యాసాలు రాసిన మనిషి. ఎండకు ఓర్చుకుని వంటచెరకు ఇచ్చే ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని 1876లో ఆయన రెవెన్యూ శాఖకు రాశారు. విత్తనాలు జమైకా నుంచి ఓడెక్కాయి. మర్నాటి ఏడు, అంటే 1877లో, కడప జిల్లా బీడు నేలల్లో నాటించారు. సీమ ధాత కరువుతో అల్లాడుతున్న రోజులవి. సర్కారు తుమ్మ అన్న పేరు ఉత్తినే రాలేదన్నమాట.

ఆనాటి తోట ఆనవాలు ఏమైనా దొరుకుతుందేమోనని స్టేషను దగ్గర టీ కొట్టులో అడిగాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, ‘కంప యాడ ల్యాదో అడుగు సార్, జెప్తా’ అన్నాడు.

ఆ మాటా నిజమే. పాపఘ్ని ఏటి గట్టుకు నడిస్తే దారి పొడుగునా అదే. ఏట్లో నీళ్లు లేవు, ఇసుక కాలుతోంది. గట్టు మీద కంప నీడలో ఓ మంద కనిపించింది. గొర్రెల్నీ మేకల్నీ కలిపి మా వైపు జీవాలు అంటారు. ఓ అరవై జీవాలుంటాయి. అరవయ్యేళ్లు దాటిన పెద్దాయన పొడుగాటి దోటితో కొమ్మల్ని ఊపుతుంటే పసుప్పచ్చటి కాయలు టపటపా రాలుతున్నాయి. రాలింది రాలినట్టే మేకలు కరకర నమిలేస్తున్నాయి. ఒక్కటీ ఆకు జోలికి పోవడం లేదు.

‘ఆకు చేదు సామీ. అట్లా మోర పెట్టి వదిలేస్తాయి. కాయ మాత్రం బెల్లమే’ అన్నాడాయన.

ఓ కాయ తుడిచి నేనూ కొరికాను. నిజంగానే తియ్యగా ఉంది, చివర్లో కాస్త వగరు. కాయ బాగా పండితే అందులో చక్కెరే బోలెడంత ఉంటుంది. మాంసకృత్తులు నూటికి పన్నెండు పాళ్ల దాకా ఉంటాయి. వరిగడ్డిలో మూడో నాలుగో పాళ్లకు మించవు. పైగా ఇది చేతికొచ్చేది ఎప్పుడు? వేసవిలో. చెనక్కాయ కట్టె అయిపోయి, బీళ్లు బోసిపోయి, దాణా కొనే స్తోమత లేని రోజుల్లో. ఎవరూ నీళ్లు పొయ్యని, ఎరువు వెయ్యని చెట్టు ఇంత మేత రాలుస్తుంటే దాన్ని తిట్టడం ఎందుకని అడగొచ్చు. నన్నడిగితే, మా జేజి ఆవు సంగతి చెబుతాను.

1987 వేసవి. నాకు పదేళ్లు. వరసగా వానల్లేవు. గడ్డివాము అడుగంటింది. మా జేజికి ఒక ఎర్రావు ఉండేది. దాన్ని కబేళాకు తోలనివ్వనని ఆమె పట్టు. రోజూ తెల్లారగట్టే నేనూ జేజీ గంపలు తీసుకుని వంకలోకి పోయి కంప కాయలు ఏరుకొచ్చేవాళ్లం. నా అరికాళ్లలో ముళ్లు విరిగిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆవు ఇష్టంగా తినేది. పాలు కూడా కాస్త పెరిగాయి. గడ్డి లేదు గనక మూడు పూటలా అవే కాయలు. నెలలు గడిచాయి. తర్వాత ఓ రోజు ఆవు నెమరు వేస్తూ తల పక్కకు వాల్చడం మొదలుపెట్టింది. నోట్లోంచి సొంగ ఆగేది కాదు. నమిలింది నమిలినట్టే కింద పడిపోయేది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. జేజి మిరపకాయలు తిప్పింది. ముందు గడ్డి పెట్టినా నమల్లేక, ఆకలితో చిక్కి చిక్కి శ్రావణంలో పోయింది. తన చేత్తో మేపి చంపానని జేజి చివరిదాకా అనుకోలేదు. నేనూ చెప్పలేదు. నాకూ అప్పటికి తెలియదు.

తర్వాత చాలా ఏళ్లకు చదివాను. ఈ కాయల్లో ఒక రకం ఆల్కలాయిడ్ ఉంటుంది. కొద్దిగా తింటే ఏమీ కాదు. నెలల తరబడి మేతలో సగానికి పైగా ఇదే అయితే దవడను కదిపే నరాల మీద దెబ్బ కొడుతుంది. బ్రెజిల్ రైతులు ఈ జబ్బును ‘వంకర మొహం’ అని పిలుస్తారట. మేకలు కాస్త ఎక్కువ తట్టుకుంటాయి గానీ వాటికీ తప్పదు. కెన్యాలో బరింగో సరస్సు దగ్గరి పశువుల కాపర్లయితే 2000 దశకంలో పళ్లూడిన మేకనొకదాన్ని ఏకంగా కోర్టుకే తోలుకెళ్లారు. సర్కారు తెచ్చి నాటిన ఈ చెట్టు కాయలు తినే దాని పళ్లు పోయాయని వాళ్ల వాదన!

పెద్దాయనకు ఈ చదువులేవీ లేవు. కానీ లెక్క తెలుసు. ‘పొద్దున రెండు గంటలే సామీ. ఆమైన గట్టెంబడి గడ్డికి తోలుకపోతా. కడుపునిండా ఇదే పెడితే ఉబ్బి చస్తాయి’ అన్నాడు. ఇంటి దగ్గర ఆయన భార్య పద్ధతి ఇంకా బాగుంది. మిద్దె మీద బండలపై కాయల్ని మూడు నాలుగు రోజులు పెళపెళమనేలా ఎండబెడుతుంది. రోట్లో వేసి దంచి, తవుడూ చెనక్కాయ చెక్కా కలిపి, ఈనిన మేకలకు పిడికెడు పిడికెడు పెడుతుంది. మరోసారి పిండిమరకు తీసుకెళితే కాయల్లోని తీపి జిగురుకు మర పట్టేసి, మరాయన తిట్టి పంపాడట. సరిగా ఎండకపోతే అంతే.

ఆమె దంచడంలో ఓ పెద్ద కిటుకుంది. మాంసకృత్తులు గుజ్జులో కన్నా గింజలోనే ఎక్కువ. నూటికి ముప్ఫై పాళ్లు పైనే. కానీ గింజ గట్టి డొల్లలో ఉంటుంది. దంచకపోతే చాలా గింజలు కడుపులోకి పోయినవి పోయినట్టే పెంటికల్లో బయటికొస్తాయి. మొలవడానికి సిద్ధంగా! దంచితే బలమూ దక్కుతుంది, మొలకా చస్తుంది. జోధ్‌పూర్‌లోని కాజ్రీ శాస్త్రవేత్తలు కాయల్ని పిండి చేసి దాణాలో కలపడం మీద చాలా పనిచేశారు. దాణాలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు దగ్గర ఆగడం క్షేమం. కోళ్లకైతే ఇంకా తక్కువ. పీచూ, గింజలోని జిగురూ కోడి అరిగించుకోలేదు.

అన్నట్టు, దసరాకు మనం మొక్కే జమ్మి దీనికి దగ్గరి చుట్టమే. రాజస్థాన్‌లో జమ్మి ఆకును ఎండబెట్టి ఒంటెలకూ మేకలకూ మేపుతారు, కాయలు కూర వండుకుంటారు. జమ్మి ఆకు మేస్తారు గనక అది అదుపులో ఉంటుంది. కంప ఆకును ఎవరూ ముట్టరు, కాయను అందరూ మోస్తారు. కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో 1961లో ఉప్పు పర్రను ఆపడానికని దీన్ని నాటితే ఆ గడ్డినే మింగేసింది. అక్కడివాళ్లు ‘గాండో బావళ్’ అంటారు. పిచ్చి తుమ్మ అని. తమిళనాడులో 2017లో మద్రాసు హైకోర్టు దీన్ని పీకించమని చెప్పేదాకా పోయింది.

కమలాపురంలో గొడవ కోర్టుదాకా పోలేదు. చేలగట్టు దగ్గరే ఉంది. వేసవిలో రైతులు తమ చేలో మంద కట్టించుకుంటారు. రాత్రంతా జీవాలు పడుకుంటే పెంటికలూ మూత్రమూ నేలకు ఎరువు. కాపరికి దానికింత అని ముడుతుంది. ఏడాదిలో ఆయన చేతికి తిరిగే డబ్బులో పొట్టేళ్లు అమ్మింది పోతే మిగిలింది ఇదే. ఇప్పుడు రైతులు ముందే అడుగుతున్నారు... ‘నీ జీవాలు కంప కాయలు తిన్యాయా?’ అని. తిన్న మంద పడుకున్న చేలో తొలకరికి కంప మొలకలు గుంపుగా లేస్తాయి. వాటిని పీకడానికి కూలీలు ముళ్లకు భయపడి రారు.

‘తిన్లేదని అబద్ధం జెప్పొచ్చు. పెంటికలు చిదిమి చూస్తారు’ అని నవ్వాడు పెద్దాయన.

అరవై జీవాలకు సరిపడా దంచిపెట్టాలంటే ఆమె రెండు చేతులూ చాలవు. మరాయన రానివ్వడు. కాయలు మాన్పిస్తే జూన్ దాకా జీవాలు నిలవవు. మంద కట్టడానికి పోయే నాలుగు రోజుల ముందు నుంచి కాయలు ఆపి, గింజలన్నీ కడుపులోంచి పోయాక చేలోకి తోలితే సరిపోతుంది కదా అన్నాను. ‘ఆ నాలుగు దినాలు ఏం పెట్టేది సామీ?’ అన్నాడు.

నేను బస్సుకు బయల్దేరేసరికి పొద్దు వాలుతోంది. రాత్రికి మంద ఎక్కడ కట్టాలో ఇంకా తేలలేదు. పెద్దాయన సెల్‌ఫోను చెవికి ఆనించుకుని ఎవరికో చెబుతున్నాడు, ‘లేదబ్బా, పొద్దన్నుంచి ఉత్త గడ్డే’ అని. వెనకాల మేకలు ఇంకా కరకరమనిపిస్తూనే ఉన్నాయి.