ఎముక విరిగినపుడు

పలకల గనులకు పేరొందినది మా మార్కాపురము. రాతిపనిలో కాలో చేయో విరుగుట అరుదు కాదు. అట్టివేళ చుట్టుమూగినవారిలో ఒకరు పుత్తూరు కట్టు మేలందురు. ఒకరు ఒంగోలు పొమ్మందురు. మరియొకరు నూనె రాసి మర్దింప జూతురు.

పుత్తూరు కట్టుకు గొప్ప పేరు కలదు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ దాని సాధనములు. సరిగా కూర్చి కదలకుండ నిలిపిన ఎముక తానే అతుకుకొనును. ఈ సూత్రము డాక్టరు వేయు కట్టుకును ఒక్కటియే. కాని లోపల ఎట్లు విరిగినదో చేతి స్పర్శకు పూర్తిగా తెలియదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొన్న పిమ్మటనే అది కంటికి గోచరమైనది.

ఒకనాడు గనిలో ఒక కూలివాని ముంజేయి విరిగెను. తోడివారు గుడ్డతో బిగించి కట్టి, పుత్తూరు బస్సెక్కింప సిద్ధపడిరి. అతని భార్య వ్రేళ్లు తాకి చూచినది. "చల్లబడినవి అన్నా! ముందు ఆసుపత్రికి పోదము" అన్నది. అక్కడ కట్టు సడలింపగనే వ్రేళ్లకు రక్తము పారెను. బిగికట్టు క్రింద కండరములు కొన్ని గంటలలోనే చచ్చునని ఫోల్క్‌మన్ అను జర్మను వైద్యుడు 1881లోనే హెచ్చరించెను. ఆమె అతని పేరైన విని యుండదు. ఆమె చూపే ఆ చేతిని కాపాడినది.

కావున ఎచటికి పోవలెనో గాయమే చెప్పును. ఎముక చర్మము చీల్చుకొని వచ్చినను, వ్రేళ్లు చల్లబడినను, నీలమెక్కినను, స్పర్శ తప్పినను, తొడ లేక వెన్ను దెబ్బతిన్నను జాగు తగదు. 2005లో ఆరంభమైన 108 బండిని పిలువవలెను. వెన్ను దెబ్బతిన్నవానిని కదపరాదు. తక్కిన గాయములకును ముందు ఎక్స్‌రే, పిదపనే కట్టు. కష్టజీవికి చేయియే ఆస్తి; దానిని పుకారుల పాలు చేయరాదు.