పల్లవి సంఘానిది

డోర్నకల్ అనగానే చాలామందికి రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. కాజీపేట, విజయవాడ దారిలో కొత్తగూడెం వైపు పట్టాలు చీలే చోటు. తెలుగు క్రైస్తవులకు మాత్రం ఇది బిషప్ అజరయ్యగారి ఊరు. తిరునెల్వేలి సీమ తమిళుడాయన. 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన పూనుకుని కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. ఈ నేల మనుషులు ఈ నేల తీరులోనే దేవుణ్ణి ఆరాధించాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల పాట విషయంలోనూ ఉండేది. చదువు రాని కూలిజనానికి వాక్యం చేరేందుకు తెలుగు కీర్తనను ప్రోత్సహించారు.

ఆ కీర్తన పల్లెల్లో ఇప్పుడెలా ఉందో వినాలని, కథీడ్రల్ చూసుకుని శనివారం సాయంత్రానికి దగ్గర్లోని ఒక ఊరు చేరాను. మిరప కోతల రోజులు. కూలికి వెళ్ళినవాళ్ళు ఇంకా ఇళ్ళకు చేరుతూనే ఉన్నారు. గుడి చిన్నది, రేకుల కప్పు. లోపల చాపల మీద హార్మోనియం, డోలక్, రెండు జతల తాళాలు, ఒక పక్క స్టాండు మీద కీబోర్డు. రేపటి పాటల అభ్యాసం నడుస్తోంది. నడిపేది ఒక రిటైర్డ్ స్కూలు మాస్టారు. ఈ సంఘంలో చాలా ఏళ్ళుగా పాట ఎత్తేది ఆయనే.

కీబోర్డు దగ్గర కూర్చున్న కుర్రాడు ఒక కొత్త పాట వాయించాడు. నలుగురు పిల్లలు గొంతు కలిపారు. చరణం పైకి వెళ్ళేసరికి ఇద్దరు ఆగిపోయారు.

"రెండు మెట్లు దించు నాయనా" అన్నారు మాస్టారు.

"యూట్యూబుల ఇదే శృతి మాస్టారూ."

"అక్కడ పాడింది ఆయనొక్కడు. రేపు ఇక్కడ ఊరంత పాడాలె. మీ నాయనమ్మకు అందుతదా ఇది?"

కుర్రాడు మారు మాట్లాడకుండా శృతి దించాడు. ఆయన లెక్క ఏమిటని నేనడిగితే ఓపిగ్గా చెప్పారు. పాట మొదలయ్యే స్వరాన్ని చూసి శృతి పెట్టకూడదట. ఆ పాటలో అన్నిటికంటే పైనున్న స్వరం ఎక్కడుందో ముందు వెతకాలి. వెనక వరసలో కూర్చునే ముసలమ్మ దాన్ని గొంతు చించుకోకుండా పట్టగలదా అని చూడాలి. అక్కడి నుంచి కిందికి లెక్కేసుకుని ఎత్తుగడ నిర్ణయించుకోవాలి. పొద్దున లేచిన గొంతు బరువుగా ఉంటుంది కాబట్టి మొదటి పాట ఇంకొంచెం కిందే ఉండాలి. రెండు పాటలయ్యాక గొంతులు తెరుచుకుంటాయి, అప్పుడు పెంచుకోవచ్చు. పాటల పోటీలో గెలిచే శృతి వేరు, సంఘం పాడే శృతి వేరు. ఇంత చిన్న సంగతి పట్టించుకోకపోవడం వల్ల పట్నాల్లో ఎన్ని పెద్ద పెద్ద సంఘాలు నోరు మూసుకుని నిలబడుతున్నాయో ఆ క్షణాన నాకు తట్టింది. మంచి సౌండు సిస్టం ఉంటుంది, స్క్రీన్ మీద అక్షరాలు కదులుతుంటాయి, వేదిక మీద ఆరుగురు అద్భుతంగా పాడుతుంటారు, కింద వందల మంది వింటుంటారు. దాన్ని కచేరీ అనొచ్చేమో గానీ సంఘారాధన అనడానికి నాకు మనసొప్పదు.

చాప మీద ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. అంచులు నలిగి అట్ట ఊడింది. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ అన్న తేడా లేకుండా తెలుగు సంఘాలన్నీ కలిసి దాచుకున్న సొత్తు అది. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. ఆయన 1803 నుంచి 1890 దాకా జీవించారు. ఊళ్ళో జనం చెవికి అప్పటికే అలవాటైన పల్లవి, అనుపల్లవి, చరణాల కట్టులోనే సువార్తను పాడారు. పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి: బిలహరి, ఆనందభైరవి, ముఖారి, ఆది, చాపు, త్రిపుట. స్వరాలు మాత్రం ఉండవు. అందుకే ఒకే కీర్తన గుంటూరులో ఒక నడకతో, ఇక్కడ ఇంకో నడకతో వినిపిస్తుంది. తల్లి నుంచి కూతురికి, పంతులు నుంచి బడిపిల్లలకి నోటి మీదుగానే బాణీ దిగి వచ్చింది. మాస్టారు అంకె చెబితే చాలు, తాళాలు పట్టుకున్న అక్కలు పుస్తకం తెరవకుండానే పాట అందుకున్నారు. వాళ్ళలో ఒకామెకు సంతకం తప్ప మరో అక్షరం రాదని తర్వాత తెలిసింది. నలభై కీర్తనలకు పైనే ఆమెకు నోటికి వచ్చు. ప్రభువు జననం, శ్రమలు, పునరుత్థానం, ఆమె బైబిలంతా ఆ చరణాల్లోనే ఉంది. కీర్తనలో ఒక మాట తప్పు పడితే వాక్యమే తప్పు పడినట్టు, అందుకే మాస్టారు పదం పదం పట్టి దిద్దుతున్నారు.

ఆత్మ నడిపిస్తే అభ్యాసంతో పనేముంది అనేవాళ్ళున్నారని అన్నాను. మాస్టారు దినవృత్తాంతముల మొదటి గ్రంథం తెరిచి చూపించారు. 25వ అధ్యాయం. దావీదు మందిర సేవకు ఆసాపు, హేమాను, యెదూతూను వంశాల వాళ్ళను ఏర్పరచిన చోటు. పాటలో తర్ఫీదు పొందిన వాళ్ళ లెక్క అక్కడ 288. "దావీదుకు ఆత్మ తక్కువైందా?" అన్నారు. పౌలు కూడా ఆత్మతోనూ మనసుతోనూ పాడతానని కొరింథీయులకు రాశాడు కదా అని నేననుకున్నాను.

ఆ తర్వాత జరిగిన సంభాషణ నా మనసులో బాగా నిలిచిపోయింది. పిల్లలు మొదటి పాటగా చప్పట్ల పాట ఒకటి ఎంచారు. మాస్టారు ఆగమన్నారు. ఆ వారంలోనే ఊళ్ళో ఒక కుటుంబం చేతికందిన కొడుకును పోగొట్టుకుంది. వాళ్ళు రేపు గుడికి వస్తారు. "వాళ్ళు లోపలికి రాంగనే చప్పట్లు కొట్టమందామా?" అని మెల్లగా అడిగారు. ఒక పిల్ల అడ్డం వచ్చింది: ఆదివారం పునరుత్థాన దినం కదా, సంతోషం ఎట్ల వదిలేస్తాం? ఆ ప్రశ్నకు మాస్టారు నిజంగా సంతోషించారు. చప్పట్ల పాట ఉంటుంది, చివర్లో ఉంటుంది అన్నారు. ముందు ముఖారిలో ఒక కీర్తన, ప్రార్థన తర్వాత ఒక నిబ్బరమైన పాట, వాక్యం విన్నాక సంతోషం. సంఘంలో ఎవరింట్లో ఏం జరిగిందో తెలియనివాడికి పాటలు ఎంచే అర్హత లేదని నేను ఆ సాయంత్రం నమ్మాను. ఈ పని గొంతు మంచిదైనంత మాత్రాన చేతికొచ్చేది కాదు.

ఈ సంఘపు పాస్టరు అయ్యగారి కింద చాలా ఊళ్ళున్నాయి. ప్రతి ఆదివారం ఒకే గుడికి రాలేరు. ఆయన రాని వారం సంఘ పెద్దే ఆరాధన నడుపుతారు, అప్పుడు పాట మీద భారం ఇంకా ఎక్కువ. మర్నాడు ఆదివారం అయ్యగారు వచ్చారు, ప్రభువు బల్ల ఉంది. మాస్టారు మొదటి కీర్తన ఎత్తారు. పల్లవి ఒకసారి ఆయన పాడారు, రెండోసారి సంఘం అందుకుంది. అప్పుడాయన చేసిన పనిని గమనించాను: మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు. చరణం ఆయనది, పల్లవి సంఘానిది. డోలక్ అతను కూడా పల్లవి దగ్గర చెయ్యి తేలిక చేశాడు. మగవాళ్ళ గొంతులు కింద, ఆడవాళ్ళవి పై స్థాయిలో, మధ్య మధ్య పిల్లల అరుపులు. అన్నీ కలిసి రేకులు మోగాయి. కొడుకు పోయిన తల్లి మొదటి చరణాల్లో పాడలేదు. పక్కనున్న అక్క ఆమె చెయ్యి పట్టుకుని పాడుతోంది. తాను పాడలేని రోజున తన తరఫున పాడేవాళ్ళు చుట్టూ ఉండటమే సంఘం అంటే, అనిపించింది నాకు.

బల్ల దగ్గరికి వరసలు కదులుతున్నప్పుడు మాస్టారి కళ్ళు వరస మీదే ఉన్నాయి. పాట అయిపోవచ్చింది, ఇంకా పదిమంది మిగిలారు. ఆయన కీబోర్డు కుర్రాడికి వేలు చూపించారు. అతడు పాట లేకుండా బాణీ ఒక్కటే సన్నగా వాయిస్తూ పోయాడు. చివరి మనిషి వచ్చి కూర్చున్నాక అదే పల్లవి మళ్ళీ ఎత్తారు. ఎక్కడా తెగలేదు. చప్పట్ల పాటకు అందరూ లేచి నిలబడ్డారు. నిన్న సాయంత్రం శృతి దింపించుకున్న కుర్రాడే ఇప్పుడు దాన్ని ఒక మెట్టు పెంచాడు. మాస్టారు తల ఊపారు.

ఆరాధన అయ్యాక చాపలు చుడుతుంటే, నిన్న ఎదురు ప్రశ్న వేసిన పిల్లను మాస్టారు పిలిచారు. వచ్చే ఆదివారం మొదటి పాట నువ్వే ఎత్తాలె అన్నారు. ఇంటర్ చదివే పిల్ల, గొంతు సన్నంగా ఉంటుంది. భయంగా ఉంది తాతా అంది. బుధవారం స్త్రీల కూటంలో పెద్దమ్మల మధ్య కూర్చుని రెండు కీర్తనలు పాడి చూసుకొమ్మని, వాళ్ళకు ఏ శృతి అందుతుందో కాగితం మీద రాసుకుని రమ్మని చెప్పారు. ఆమె పాటల పుస్తకం తీసుకుంది. ఏ అంకె, ఏ రాగం అని అడగడం మొదలుపెట్టింది.