స్టీరింగ్ లూజ్ అంటే ఎక్కడ లూజ్?



పోస్ట్ పెద్దగైంది, ఓపిక పట్టండి. నాగోబా జాతరకు సిటీ నుంచి పాత బండ్ల మీద పోయేవాళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నరు, అందుకే రాస్తున్నం.

మేం నారాయణగూడ హాస్టల్లో ఒకే రూమ్‌లో నలుగురం. నలుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకరి కాకా అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల షాపులో పనిచేస్తడు. పాత ఆల్టో ఒకటి కొనుక్కున్నడు. కంటి ఆపరేషన్‌కు వచ్చిన అవ్వను జాతర నాటికి అదే బండిల కేస్లాపూర్ తీసుకపోవాలని ఆయన పట్టు. దాదాపు 300 కిలోమీటర్ల దూరం, నిర్మల్ దాటితే ఘాట్ రోడ్డు.

ఆ బండి నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కితే స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నా అటో ఇటో జరిగేది. కాకా చేతులు ఊరికే సర్దుతనే ఉండేటివి. చిక్కడపల్లి గల్లీల స్పీడ్ బ్రేకర్ దిగితే ముందు ఎడమ పక్క 'టక్' మనేది. "పాత బండి గదరా, అట్లనే ఉంటది" అనేటోడు. ఒక షెడ్డుకు తీసుకపోతే, వాళ్లు బండి పైకి లేపకుండనే చేత్తో స్టీరింగ్ రెండుసార్లు తిప్పి, "రాక్ పోయింది, మొత్తం మార్చాలె, ఎనిమిది వేలు" అన్నరట. ఎనిమిది వేలంటే మా చెల్లె ఇంటర్ ఫీజు. కాకా షాపుల అడ్వాన్స్ అడగడానికి తయారైండు. ఎక్కడ పోయిందో చూపించుమని మాత్రం అడగలే. ఆస్పత్రిల గానీ ఆఫీసుల గానీ మనోళ్లు ఇట్లనే తలూపి వస్తరు, మీకు తెలవంది కాదు.

మాలో ఒకడు ఇంటర్ సెలవులల్ల ఇంద్రవెల్లిల ట్రాక్టర్ మెకానిక్ దగ్గర పానాలు అందించినోడు. "ముందు మనమే చూద్దాం కాకా" అన్నడు. ఆదివారం పొద్దున అశోక్‌నగర్ గల్లీల, సమతలంగా ఉన్న చోట బండి ఆపినం.

స్టీరింగ్ నుంచి చక్రం దాకా ఒక గొలుసు ఉంటది అనుకోండి. కింద పెడల్స్ దగ్గర రాడ్డుకు చిన్న జాయింట్, తర్వాత రాక్, రాక్ రెండు చివర్ల లోపలి బాల్ జాయింట్లు, వాటికి బయట టై రాడ్ ఎండ్లు, అక్కడి నుంచి చక్రం. ఇందులో ఏది అరిగినా పైన చేతికి ఒక్కతీరుగనే తెలుస్తది. కింద ఒక్క మిల్లీమీటరు సందు ఉంటే పైన స్టీరింగ్ సుమారు రెండేళ్ల వెడల్పు ఊరికే తిరుగుతది. చిన్న కార్లకు సాధారణంగా 30 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. కాకా బండిల నాలుగేళ్లు దాటింది. (ఏళ్లంటే వేళ్లు, సంవత్సరాలు కాదు.)

ముందు టైర్ల గాలి, చక్రాల నట్లు చూసినం, బాగనే ఉన్నయి. ఇంజిన్ బంద్ చేసి, స్టీరింగ్ లాక్ పడకుండ తాళం తిప్పి, చక్రాలు నేల మీద ఉండగనే ఒకడు స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటు ఇటు ఆడించిండు. ఇంకొకడు పక్కన బోర్లా పడుకొని ఒక్కొక్క జాయింట్ మీద చెయ్యి పెట్టిండు. పెడల్స్ దగ్గరి జాయింట్‌ల సందు లేదు. రాక్ కదలకుండ గట్టిగ ఉంది. ఎడమ టై రాడ్ ఎండ్ మీద చెయ్యి పెట్టంగనే 'టక్ టక్' వేళ్లకే తగిలింది. రాడ్డు కదులుతుంది, చక్రం ఆలస్యంగ కదులుతుంది. రబ్బర్ బూటు చినిగి, గ్రీసు ఎండి, లోపల మట్టి.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీతో ముందు పక్క లేపి మళ్లా చూసినం. చక్రాన్ని కుడి, ఎడమ అంచుల పట్టుకొని ఊపితే ఆడింది. పైన, కింద పట్టుకొని ఊపితే ఆడలే. అట్ల ఆడితే బేరింగో, కింది బాల్ జాయింటో అనుమానించాలె. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు.

టై రాడ్ ఎండ్ ఊడితే ఆ చక్రం దాని ఇష్టం, స్టీరింగ్ మాట వినదు. అందుకే బండిని అక్కడ్నుంచి కదిలించలే. పార్టు అయిదు వందల లోపే దొరికింది. గల్లీ చివర పనిచేసే మెకానిక్‌నే పిలుచుకొచ్చినం. ఎక్కడ ఆడుతుందో చూపిస్తే, ఆయన కూడా చెయ్యి పెట్టి చూసి "గంట పని" అన్నడు. లాక్ నట్ లూజ్ చేసి, పిన్ను తీసి, పాతదాన్ని విప్పుకుంట చుట్లు లెక్కపెట్టిండు. కొత్తదాన్ని సరిగ్గ అన్నే చుట్లు బిగించి, పిన్ను కూడా కొత్తది వేసిండు. చుట్లు లెక్కపెట్టినా అలైన్‌మెంట్ చేయించాల్సిందే, లేకుంటే టైర్లు ఒక పక్క తినేస్తయి. అదే రోజు చేయించినం. అంతా కలిపి రెండు వేలు కాలే.

ఇంకో మాట. బండి ఒకే పక్కకు గుంజితే చాలాసార్లు గాలి, అలైన్‌మెంట్ సంగతి. స్పీడుల స్టీరింగ్ వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూడాలె. ఇవి లూజ్‌కు వేరు. మన దిక్కు పాత జీపులకు రాక్ ఉండదు, స్టీరింగ్ బాక్సు ఉంటది. దాని మీది స్క్రూ బిగిస్తే లూజ్ తగ్గుతది కానీ, ఎక్కువ బిగిస్తే మలుపుల పట్టేసి స్టీరింగ్ తిరిగి రాదు. పన్నెండు మందిని ఎక్కించుకొని పావు చుట్టు ఖాళీగ తిరిగే స్టీరింగ్‌తో నడిపే డ్రైవర్ దాదాలను మనమందరం చూసినం. అది వాళ్ల నైపుణ్యమే, కాదనం. కానీ లోపల కూర్చునేది మన అమ్మలు.

కాకా ఇంకా అడ్వాన్స్ తీసుకోలే. కుడి పక్క బూటుకు కూడా పగుళ్లు మొదలైనయి, బయలుదేరే ముందు అదీ మార్చేస్తం. జాతరకు బండి తీస్తున్నోళ్లు ఎవరికైనా కింద చెయ్యి పెట్టి చూసే రెండో మనిషి లేకుంటే చెప్పండి. సాయంత్రం ఆరు దాటినంక మేం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గరనే ఉంటం.