రిపోర్టులో లేని నీళ్లు

ఇల్లు కొనేముందు మనవాళ్లు చాలానే చూస్తారు. సింహద్వారం ఏ దిక్కున ఉందో చూస్తారు, వీధిపోటు చూస్తారు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ చూస్తారు. లోన్ తీసుకుంటే బ్యాంకు లాయరు, వాల్యూయరు కూడా వచ్చి చూస్తారు. కానీ వాళ్లు చూసేది బ్యాంకు కోసం. మనం కట్టలేకపోతే ఈ ఆస్తి అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా అన్నదే వాళ్ల లెక్క. మన తరఫున ఇంటిని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. చీర కొనేటప్పుడు మడత విప్పి, వెలుతురులో పెట్టి మరీ చూస్తాం. ఇరవై ఏళ్ల ఈఎంఐకి మాత్రం మోడల్ ఫ్లాట్ చూసి సంతకం పెట్టేస్తాం.

అందుకే ఇస్నాపూర్ దాటాక ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నచ్చినప్పుడు, అడ్వాన్సు ఇచ్చేముందే ఒక ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుకున్నాం. బిల్డర్ తరఫు సూపర్‌వైజర్‌కి ఇది అస్సలు నచ్చలేదు. "పెళ్లిచూపులకి డాక్టర్‌ని తోల్కొచ్చినట్టుంది మేడం," అన్నాడు. తోల్కొస్తే తప్పేంటి అని మా ఆయన నవ్వాడు.

వచ్చిన కుర్రాడు సివిల్ ఇంజనీరు. మూడు గంటలు చూశాడు. చిన్న ఇనప కడ్డీతో టైల్స్ వరసగా తట్టుకుంటూ వెళ్లాడు. కింద సిమెంటు సరిగ్గా నిండని చోట బోలు శబ్దం వస్తుంది. కాసేపు వింటే నాక్కూడా తేడా తెలిసింది. ప్రతి ప్లగ్గులో టెస్టర్ పెట్టి ఎర్తింగ్ ఉందో లేదో చూశాడు. బాత్రూములో బకెట్ నీళ్లు గుమ్మరించి, అవి జాలీ వైపు పోతున్నాయా, గుమ్మం వైపు వస్తున్నాయా అని నిలబడి చూశాడు. చెమ్మ కొలిచే మీటరు గోడకి ఆనిస్తే, కొత్త రంగుతో మెరుస్తున్న పడగ్గది గోడ లోపల తడిగా ఉందని తేలింది.

రెండు రోజులకి 32 పేజీల రిపోర్టు వచ్చింది, ఫోటోలతో సహా. పదకొండు బోలు టైల్స్, ఎర్తింగ్ లేని రెండు ప్లగ్గులు, వాలు తప్పిన బాత్రూము, చెమ్మ గోడ. ఇవన్నీ దిద్దుకోగల లోపాలే. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలోనో పనితనంలోనో లోపం ఉందని చెబితే, 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. అప్పుడు తేదీ, ఫోటోలు ఉన్న ఇలాంటి కాగితం చేతిలో ఉంటే మాటకి బలం.

చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: భూగర్భజలం, గాలి, చుట్టుపక్కల పరిసరాలు ఈ తనిఖీలో భాగం కావు. ఇంకెక్కడైనా అయితే ఆ వాక్యం దాటి వెళ్లిపోయేదాన్నేమో. ఇది పటాన్‌చెరు.

డెబ్బైల నుంచి ఇక్కడికి ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి వ్యర్థాలు ఇసకవాగులోకి, నక్కవాగులోకి, అక్కణ్ణించి మంజీరాలోకి పోయాయి. ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. ఇక్కడే వైద్యం చేస్తూ డాక్టర్ అల్లాని కిషన్ రావు దశాబ్దాల పాటు దీనిమీద పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు, మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఇక్కడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. జ్వరమొస్తే డాక్టరు రాసిస్తే వేసుకునే యాంటీబయాటిక్ అది. 2009లో అచ్చయిన మరో పరిశోధన చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు చూపించింది. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని దేశంలో తీవ్రంగా కలుషితమైన చోట్ల జాబితాలో పెట్టింది. తర్వాత గొట్టాలు వేశారు, నిబంధనలు బిగించారు. కానీ నేలలోకి దిగింది ఎక్కడిదాకా పోయిందో గోడ తట్టి చెప్పలేం.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తే బోరు నీళ్లు టీడీఎస్ మీటరుతో చూసుకోమన్నాడు. చూస్తే 1,450 వచ్చింది. తాగునీటికి 500 దాటకూడదంటారు, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. అయితే ఆ మీటరు నీళ్లలో ఎంత కరిగిందో అంచనా వేస్తుంది, ఏం కరిగిందో చెప్పదు. సీసం, ఆర్సెనిక్ లాంటివాటికి గుర్తింపున్న ల్యాబుకి పంపాలి. యాంటీబయాటిక్స్ అయితే మన తాగునీటి ప్రమాణాల పట్టికలోనే లేవు.

మీటరు పెట్టి చూస్తుంటే వాచ్‌మన్ భార్య వచ్చి నిలబడింది. "బోరు నీళ్లు బాసన్లకు, బట్టలకే మేడం. తాగెటందుకు డబ్బా తెచ్చుకుంటం. రాత్రి పదకొండు దాటినంక ఒకపారి రాండ్రి, వాసన మీకే తెలుస్తది."

వెళ్లాం. పదకొండున్నరకి గాలి తిరిగింది. నెయిల్ పాలిష్ సీసా మూత తీసినట్టు ఘాటు వాసన, దాని వెనక ఇంకేదో కుళ్లు.

మర్నాడు బిల్డర్ ముందు రెండు కాగితాలు పెట్టాం. టైల్స్, ప్లగ్గుల జాబితాకి వారంలో చేయిస్తానని ఒప్పుకున్నాడు. బోరు నీటికి ల్యాబ్ రిపోర్టు, తాగునీటి కనెక్షన్ ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా ఇవ్వమన్న కాగితాన్ని పక్కన పెట్టి, "మంజీరా లైన్ వస్తది మేడం," అన్నాడు. ఎప్పుడని అడిగితే, "వస్తది."

మేం వద్దనుకున్నాం. తనిఖీ ఖర్చు పోయినా బాధ లేదు. మీరు ఈ వైపు ఇల్లు చూస్తుంటే ఇన్‌స్పెక్టర్‌ని తప్పకుండా పెట్టుకోండి. కానీ ఒకసారి రాత్రిపూట వెళ్లండి, బోరు నీళ్లు ల్యాబుకి పంపండి, అక్కడ బతుకుతున్నవాళ్లతో మాట్లాడండి.

ఆ రోజు బయటికి వస్తుంటే నా చేతిలో ఫైలు చూసి ఆమె అడిగింది: "ఇంత పెద్ద బుక్కుల ఏం రాసిండ్రు మేడం?"

టైల్స్ గురించి చెప్పాను. ప్లగ్గులు, చెమ్మ గోడ గురించి చెప్పాను.

"నీళ్ల సంగతి?"

రాయలేదన్నాను. ఆమె తలూపి, ఖాళీ డబ్బా తీసుకుని రోడ్డు దాటింది.